విద్వాంసుని వేతనము

సంగీతసభ జరుపదలచిన అమెచ్యూరు సమాజమువారు పందిరికిని, దీపములకును, ప్రకటన పత్రములకును ముందుగా లెక్క వ్రాసికొని, పిలువబడిన విద్వాంసుని సొమ్మును చివరకు విడుచుట కలదు. ‘మిగిలినది సమర్పింతుము’ అను మాట మర్యాదగనే తోచును. కాని దాని యర్థము నష్టభారమును విద్వాంసుని తలపై మోపుటయే. 1824వ సంవత్సరమున వియన్నా నగరమున పదునాఱు దినముల యెడముతో జరిగిన రెండు కచేరీలు ఈ సత్యమును స్పష్టపఱచుచున్నవి.

నాటికి బీథోవెన్ తన తొమ్మిదవ సింఫనీని ముగించియుండెను. దానిని తమ నగరముననే తొలుత వినిపింపవలయునని వియన్నాలోని రసికులు కొంద ఱాతనికి విన్నపము వ్రాసిరి. ఆ కృతి కడపటి భాగమునకు వాద్యములతోపాటు గాయకబృందమును కావలయును. నాటకశాలలోని జీతగాండ్రు చాలనందున, 1812వ సంవత్సరమున స్థాపితమైన సంగీతమిత్ర సమాజమునుండి అమెచ్యూరులు వచ్చి చేరిరి. జీవనోపాధి వేఱుగా నున్నవారగుటచే వీరి సేవ దానమే యయ్యెను.

మే 7వ తేదీ కచేరి బీథోవెన్ స్వంత పూచీమీద జరిగెను. టిక్కెట్ల వెల పెంచుటకు పోలీసువా రనుమతింపలేదు. కరతాళధ్వనులు మిన్నుముట్టెను, 2,200 ఫ్లోరినులకు పైగా వసూలయ్యెను. అందు 1,000 నాటకశాలకును, సుమారు 800 స్వరపత్రముల నకళ్లకును పోయెను. కృతి యింకను అచ్చు కానందున వాద్యకారులకును గాయకులకును చేతివ్రాత ప్రతులే కావలసివచ్చెను. అమెచ్యూరుల గానము ఉచితమైనను, వారు చూచి పాడు కాగితము ఉచితము కాదు గదా! బీథోవెనునకు మిగిలినది 420 ఫ్లోరినులు. అందును చిల్లర ఖర్చు లింకను తీరవలసియుండెను.

మే 23వ తేదీ కచేరికి ఏర్పాటు వేఱు. నిర్వాహకుడగు డ్యూపోర్ వ్యయమంతయు తానే వహించి, బీథోవెనునకు 500 వెండి ఫ్లోరినులు తప్పక యిత్తునని ముందే యొప్పుకొనెను. తొలి లెక్కలోని కాగితపు ఫ్లోరినులలో దాని విలువ సుమారు 1,200. ఆదివారము మధ్యాహ్నము; వాతావరణము హాయిగా నుండుటచే జనులు విహారమునకు పోయిరి; శాల చాలవఱకు వెలవెలబోయెను. సుమారు 800 ఫ్లోరినుల నష్టము వచ్చెను. బీథోవెన్ సొమ్ము గైకొనుటకు తొలుత సంకోచించినను, మాట ప్రకార మాతనికి ముట్టెను.

జనము మూగిన దినమున కళాకారునకు దక్కినది స్వల్పము. జనము రాని దినమున దక్కినది అధికము. భేదమునకు కారణము ఏర్పాటే.

మన పెండ్లిండ్లలో మేళగాండ్రకు బయానా ముందే యిత్తుము. చదివింపులు లెక్కించిన పిదప చూతమని యెవరును చెప్పరు. సమాజములును అటులే నడువవలయును. విద్వాంసుని వేతనము, సాధకపు దినముల ప్రతిఫలము, దారిఖర్చు—ఇవి పట్టికలో మొదటి పంక్తిని వ్రాయదగినవి. వీనికి చందాలు చేతికందిన పిమ్మటనే కచేరి తేదీని ప్రకటింపవలయును. టిక్కెట్ల రాబడిని సగము నిండిన శాలకే లెక్కగట్టవలయును. అది చాలనిచో పందిరిని తగ్గింపవచ్చును, వాద్యముల సంఖ్యను తగ్గింపవచ్చును. ఒప్పుకొన్న వేతనమును మాత్రము తగ్గింపరాదు. దానము చేయుటకు మనకు హక్కు కలదు. పరుల జీవనమును దానము చేయుటకు లేదు.