శొంఠి వారి పచ్చ కర్ర

మిన్నెసోటాలో పెరటి ఈత కొలను అన్నది ఏడాదికి మూడు నెలల ముచ్చట. జూన్ లో తెరిచిన కొలనుకు సెప్టెంబరు మొదటి వారాల్లోనే దుప్పటి కప్పాలి. నీళ్ళు చేసే పని ఆ మూడు నెలలే గాని, చుట్టూ ఉన్న అరుగు మాత్రం పన్నెండు నెలలూ అక్కడే పడి ఉండి ఎండకు ఎండుతుంది, వానకు నానుతుంది, మంచుకు బిగుసుకుంటుంది, మళ్ళీ కరుగుతుంది. అందుచేత చలిదేశంలో కొలను గురించిన అసలు ఆలోచన అంతా అరుగు గురించిన ఆలోచనే. అరుగు అంటే ఇక్కడివాళ్ళు డెక్కు అనేది. మన అరుగు మట్టితోనో రాతితోనో కట్టినది. ఇది నాలుగు కర్ర స్తంభాలెత్తి పైన పలకలు పరిచినది. వాడుక మాత్రం ఒకటే: కూర్చోవడం, కబుర్లు చెప్పుకోవడం, వీధి కాకపోయినా పెరడు చూడటం.

మేము ఈ ఇల్లు కొన్నప్పుడు కొలనూ అరుగూ కూడా ఇంటితోపాటే వచ్చాయి. పాత కాగితాల్లో అరుగు కట్టిన సంవత్సరం 1988 అని ఉంది. నిరుడు వసంతంలో మంచు కరిగాక చూస్తే అరుగు ఒక మూల బెత్తెడు పైకి లేచి ఉంది. పలకలు బూడిదరంగుకు తిరిగాయి. గీకితే లోపల లేత ఆకుపచ్చ. మా చిన్నది బొర్లా పడుకుని ఆ పలకల సందుల్లోంచి చీమల్ని చూడటం అలవాటు చేసుకున్నది. ఆ ఆకుపచ్చ ఏమిటో తెలిసిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. దాని వెనక ఎవరున్నారో తెలిసిన రోజున కూడా పట్టలేదు కాని, అది వేరే కారణానికి.

ముందు కొంచెం వెనక్కి వెళ్ళాలి. అమెరికాలో ఇంటి కొలనుకు, కర్ర అరుగుకు పెళ్ళి జరిగిన చోటు చలిదేశం కాదు, కాలిఫోర్నియా. ఉద్యానశిల్పి థామస్ చర్చ్ 1948లో సొనోమా దగ్గర డొనెల్ కుటుంబం కోసం ఒక తోట కట్టాడు. మూత్రపిండం ఆకారంలో కొలను, పక్కన రెడ్‌వుడ్ అరుగు, ఆ అరుగులోంచే పైకి పెరిగే ఓక్ చెట్లు. లారెన్స్ హాల్‌ప్రిన్ అప్పుడు చర్చ్ దగ్గర పనిచేస్తున్నాడు. ఆ తోట ఫోటోలు దేశమంతా తిరిగాయి, చూసిన ప్రతివాడికీ పెరట్లో అలాంటిదొకటి కావాలనిపించింది. మంచు ఎరగని ఊళ్ళో పుట్టిన ముచ్చట, మంచు కురిసే ఊళ్ళకు వలస వచ్చింది. (వలస వచ్చినవాళ్ళకు చలి ఎంత బాధో నాకు వేరే చెప్పాలా!)

రెడ్‌వుడ్ కు ఉన్న గుణం మన పెద్దలు టేకులో చూసిన గుణమే. చేవ. చెట్టు నడిమి భాగంలో చేరే రసాయనాల వల్ల పుచ్చు పట్టదు, చెదలు ముట్టవు. ఊళ్ళో దూలం కొనేటప్పుడు మా తాతగారు చెక్కను గోటితో గీకి "చేవ ఎంతుంది?" అని అడిగేవారు. చేవ లేని తెల్ల కర్రను పొయ్యిలోకి తప్ప దేనికీ లెక్కపెట్టేవారు కాదు. అయితే చేవగల ముదురు రెడ్‌వుడ్ వందల ఏళ్ళ చెట్లలో ఉంటుంది. నరికినంత నరికాక మిగిలినదాన్ని కాపాడటానికి 1968లో రెడ్‌వుడ్ జాతీయవనం ఏర్పరిచారు, 1978లో దాన్ని పెంచారు. దక్షిణ రాష్ట్రాల్లో త్వరగా పెరిగే పైన్ మాత్రం కావలసినంత ఉంది. కాని అది దాదాపు అంతా తెల్ల కర్రే. నేలకు తగిలితే కొద్ది ఏళ్ళలో పుచ్చిపోతుంది. చేవ లేని కర్రకు చేవ పుట్టించాలి. ఎలా?

కర్రకు మందు ఎక్కించే పద్ధతి పాతదే. 1838లో జాన్ బెతెల్ అనే ఇంగ్లీషువాడు కర్రను ఇనుప గొట్టంలో పెట్టి, గాలి లాగేసి, తరవాత ఒత్తిడితో క్రియొసోటు ఎక్కించే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. రైలు పట్టాల కింద నల్లగా, తారు వాసన కొడుతూ ఉండే పాత స్లీపర్లు ఆ పద్ధతి బిడ్డలే. వాటిమీద ఉత్తకాళ్ళతో నడిచినవాళ్ళకు తెలుస్తుంది, అవి ఇంట్లోకి పనికొచ్చే కర్రలు కావు. మైలుతుత్తం లాంటి లవణాలు వాడి చూశారు. పనిచేసేవి, కాని వాన పడగానే కడుక్కుపోయేవి. పెరట్లో పెట్టే కర్రకు, అందులోనూ ఈత కొట్టి తడికాళ్ళతో ఎక్కే అరుగుకు, వాసన లేని, అంటుకోని, నీటికి కరిగిపోని మందు కావాలి.

ఆ మందు డెహ్రాడూన్ లో పుట్టింది. అక్కడి అటవీ పరిశోధన సంస్థలో పనిచేసిన శొంఠి కామేశం 1933లో రాగి, క్రోమియం, ఆర్సెనిక్ మూడింటి కూర్పును కనిపెట్టాడు. ఇంటిపేరు చూశాక ఆయన ఎవరివాడో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. జర్మన్ శిలీంధ్రశాస్త్రవేత్త రిచర్డ్ ఫాల్క్ తో కలిసి చేసిన ఇంకొక మందుకు ఇద్దరి పేర్లూ కలిపి ఫాల్కామేశం అని పేరు పెట్టారు. మందుల పేర్లలో మన పేరు కలవడం అదొక విచిత్రం! డెహ్రాడూన్ మందుకు మాత్రం 'ఆస్కూ' అన్న పేరు వచ్చింది. ఆర్సెనిక్ సంకేతం ఏ.ఎస్., రాగి సంకేతం సి.యు., రెండూ పక్కపక్కన పెట్టి చదవండి.

కూర్పులోని తెలివి ఇది. రాగి బూజును, పుచ్చును చంపుతుంది. రాగిని తట్టుకునే కొన్ని బూజులున్నాయి. వాటినీ, చెదలనూ ఆర్సెనిక్, అంటే మన పాషాణం, చూసుకుంటుంది. మరి ఈ రెండూ వానకు కొట్టుకుపోకుండా ఆపేదెవరు? క్రోమియం. ద్రావణంలో ఉన్నప్పుడు అది నీటిలో కరిగే రూపంలో ఉంటుంది. కర్రలోకి వెళ్ళాక అక్కడి పదార్థాలతో చర్య జరిపి కరగని రూపానికి మారుతుంది, మారుతూ మిగతా రెండింటినీ నారకు కట్టేస్తుంది. అద్దకంలో పటిక చేసే పని లాంటిది. రాగి, క్రోమియం జోడీ అంతకు ముందూ ఉంది. మూడోదాన్ని చేర్చి ముగ్గురికీ పని పంచినది కామేశం. ఆయనకు 1938లో అమెరికా పేటెంటు కూడా వచ్చింది. భారతదేశంలో స్తంభాలకూ స్లీపర్లకూ అని మొదలైన మందు అమెరికాలో టెలిఫోను స్తంభాలెక్కి, 1970ల నుండి ఇంటింటి పెరట్లోకీ దిగింది. మూడు దశాబ్దాల పాటు ఈ దేశంలో కట్టిన అరుగుల్లో అత్యధిక భాగం ఆ ఆకుపచ్చ కర్రవే. అలా కట్టుకున్న లక్షలమందిలో కామేశం పేరు విన్నవారు ఎందరు? నేనూ వినలేదు, నా అరుగు గీకేదాకా.

ఇప్పుడు నా మొదటి నిద్రలేని రాత్రి సంగతి. ఆ రాత్రి కాగితం మీద లెక్క వేశాను. ఘనపు అడుగుకు 0.40 పౌన్ల మందు ఎక్కించిన కర్ర అనుకుంటే, పన్నెండడుగుల పొడవు, ఆరంగుళాల వెడల్పు అని అమ్మే రెండంగుళాల పలక ఒక్కదానిలో సుమారు 27 గ్రాముల ఆర్సెనిక్ ఉంటుంది. అదంతా బయటికి రాదు, కట్టుబడే ఉంటుంది. కాని 'అంతా' రాదన్న మాటకూ 'ఏమీ' రాదన్న మాటకూ మధ్యే పేచీ. పలక మీద రుద్దిన చేతికి కొంత అంటుతుంది, కింది మట్టిలోకి కొంత దిగుతుంది. చేతులు నోట్లో పెట్టుకునే వయసు పిల్లలు ఆడే చోటది. 2001లో ఆటస్థలాల సామగ్రిలో ఈ కర్రను నిషేధించమని అర్జీలు పడ్డాయి. 2002 ఫిబ్రవరిలో పర్యావరణ పరిరక్షణ సంస్థ ప్రకటన వెలువడింది: తయారీదారులు తమంత తామే ఇంటి వాడకాలనుండి దీన్ని తప్పిస్తారని, 2003 డిసెంబరు 31 ఆఖరు గడువని. కరెంటు స్తంభాలకు, సముద్రంలో దింపే దిమ్మలకు వాడకం కొనసాగింది. అప్పటికే కట్టిన అరుగులను పీకెయ్యమని మాత్రం ఎవరూ అనలేదు. ఏడాదికొకసారి చమురు పూత పూస్తే చేతికంటేది తగ్గవచ్చునన్నారు.

కామేశాన్ని తప్పుపట్టాలా? నాకు అలా అనిపించడం లేదు. ఆయన ముందున్న ప్రశ్న అడవులు తరగకుండా స్తంభాలు నిలబెట్టడం ఎలా అన్నది. స్తంభం మీద ఎవరూ బోర్లా పడుకోరు. మందు తప్పు చోటికి వెళ్ళింది, అందులోనూ ఆయన చెయ్యి లేదు. అయినా తెలుగువాడు కనిపెట్టినదని ఉబ్బితబ్బిబ్బయి మా చిన్నదాన్ని మళ్ళీ ఆ పలకల మీద పడుకోనివ్వలేను కదా. రెండో నిద్రలేని రాత్రి ఈ తర్కంలోనే గడిచింది.

లేచిన మూల సంగతి వేరు. స్తంభం తవ్వి తీస్తే నేలలో ఉన్న భాగం ముప్ఫై ఏడేళ్ళ తరవాత కూడా గట్టిగా ఉంది. కోసి చూస్తే పుచ్చన్నది లేదు. కాని దాని కింద కాంక్రీటు రెండడుగుల లోతులోనే ఆగిపోయింది. ఈ రాష్ట్రపు నిబంధన దక్షిణ భాగంలో 42 అంగుళాలు, ఉత్తరాన 60 అంగుళాలు అంటుంది. శీతకాలంలో నేల అంత లోతు గడ్డకడుతుంది. కట్టినవాడు కామేశం మాట విన్నాడు, టేబర్ మాట వినలేదు.

ఈ స్టీఫెన్ టేబర్ దక్షిణ కెరొలినా విశ్వవిద్యాలయంలో భూగర్భశాస్త్ర ఆచార్యుడు. మంచు పెద్దగా ఎరగని ఊళ్ళో కూర్చుని, మంచుకు నేల ఎందుకు ఉబ్బుతుందో 1929, 1930ల్లో తేల్చాడు. నీరు గడ్డకడితే తొమ్మిది శాతం వ్యాకోచిస్తుంది కాబట్టి నేల లేస్తుందని అప్పటివరకు అందరూ అనుకున్నదే. టేబర్ నీటికి బదులు బెంజీన్ వాడాడు. గడ్డకట్టినప్పుడు అది వ్యాకోచించదు సరికదా, ముడుచుకుంటుంది. అయినా మట్టి ఉబ్బింది! అంటే కారణం వ్యాకోచం కాదు. గడ్డకడుతున్న పొర కిందనుండి తడిని పైకి పీల్చుకుంటుంది, దీపపు వత్తి నూనెను పీల్చినట్టు. పీల్చినది పొరలు పొరలుగా మంచు బిళ్ళలై పేరుకుంటుంది. ఒండ్రుమట్టిలో ఇది అన్నిటికన్నా ఎక్కువ, కంకరలో దాదాపు లేదు. నా పెరటి మట్టి, చెప్పేదేముంది, ఒండ్రు.

కాంక్రీటు సంగతి తొందరగా చెప్పేస్తాను. కొలను అంచు చుట్టూ కాంక్రీటు పోయించాలంటే ఇక్కడ గాలి కలిపిన కాంక్రీటు తప్పదు. 1930ల చివర న్యూయార్కు రాష్ట్రంలో కొన్ని రోడ్లు చలికి పెచ్చులూడకుండా నిలబడ్డాయి. ఆరా తీస్తే, ఆ సిమెంటు నూరేటప్పుడు మరలో పశువుల కొవ్వు వేశారు. కొవ్వు వల్ల కాంక్రీటులో కంటికి కనపడని గాలి బుడగలు ఏర్పడ్డాయి. గడ్డకట్టే నీటికి జరగడానికి చోటు దొరికింది. 1945లో టి. సి. పవర్స్ దానికి సిద్ధాంతం రాశాడు. ఇక రాతి మాటకొస్తే, నాపరాయి లాంటి పొరల రాయి మీద మనకెంత మమకారమున్నా పొరల్లోకి నీరు దూరితే ఇక్కడి చలి దాన్ని విడదీస్తుంది. నీరు పీల్చని నల్లరాయి నయం. ప్లాస్టిక్, కర్రపొట్టు కలిపిన పలకలు 1990ల నుండి దొరుకుతున్నాయి. అవి పుచ్చవు గాని ఎండకు సాగి చలికి ముడుచుకుంటాయి, చివర్లలో సందులు వదలాలి. జూలైలో ఉత్తకాళ్ళతో నిలబడితే అంగలు వెయ్యాల్సిందే.

చివరికి నా నిర్ణయం ఇదీ. పాత పలకలన్నీ తీసేశాను. "పెరట్లో మంట వేసుకోండి, చలికి హాయిగా ఉంటుంది" అని ఒక పెద్దమనిషి సలహా ఇచ్చారు. ఆ కర్ర తగలబెడితే ఆర్సెనిక్ పొగలోకీ బూడిదలోకీ చేరుతుందని చెబితే ఆయన మొహం చూడాలి! లారీలో వేసి, అడుగున పొర పరిచిన చెత్త గుంటకు పంపాను. కింది మట్టి బెత్తెడు లోతు తీయించాను. కొత్త చట్రానికి ఆర్సెనిక్ లేని, రాగి ఎక్కువ ఉన్న మందు ఎక్కించిన పైన్. దానిలో ఒక చిక్కుంది: అంత రాగి తడి కర్రలో ఉంటే మామూలు మేకుల్ని తినేస్తుంది. 2004 తరవాత మేకులు మార్చకుండా మందు మాత్రమే మార్చి కట్టిన అరుగులు దీనికి బలి. అందుకని వేడి జింకులో ముంచినవి చట్రానికి, కొలను వైపు క్లోరిన్ తగిలే చోట 316 రకం స్టెయిన్‌లెస్ మరమేకులు. పైన పరిచేది సెడార్, దానిలో ఉన్నది సొంత చేవ. గుంతలు 48 అంగుళాలు తవ్వించాను, అడుగున కంకర; కాంక్రీటు చుట్టూ నునుపైన గొట్టం, గడ్డకట్టిన మట్టి పక్కలనుండి పట్టుకుని పైకి లాగకుండా.

పాత స్తంభపు ముక్క ఒకటి, జానెడు పొడవుది, ప్లాస్టిక్ సంచిలో చుట్టి కట్టి గరాజులో పిల్లలకందని అటక మీద పెట్టాను. కోసిన ముఖం ఇంకా ఆకుపచ్చగానే ఉంది. సంచి మీద తెలుగులో 'శొంఠి కామేశం, 1933' అని రాశాను. మా ఆవిడ అది చూసి "శొంఠి ఇక్కడ పెట్టారేమిటి, వంటింట్లో కదా ఉండాలి" అన్నది. కిందికి దింపవద్దని మాత్రం చెప్పాను.