కర్రలేని బండి

పాలకొల్లు పరిసరముల బాలురు ముంజికాయలతో చేసికొను బండిని పాఠకులెల్లరు ఎరుగుదురు. దానిని పంగలకర్రతో తోయుదురు. ఆ కర్రతోనే మలుపుదురు. బలమును, ఆజ్ఞయు ఒకే కర్రలో నుండును. ఈ రెంటిని విడదీయుటయే దూరనియంత్రణ చరిత్ర యని మేము తలంచుచున్నాము.

1895లో జగదీశ చంద్ర బోసు కలకత్తాలో విద్యుత్తరంగములను గోడల గుండ పంపి, దూరమున గంట మ్రోగించి, తుపాకిమందు పేల్చెను. 1898లో నికోలా టెస్లా న్యూయార్కు నగరమున చిన్న పడవను తీగ లేకయే నడిపెను. అయినను తరంగము మోసినది ఆజ్ఞను మాత్రమే. బలము పడవలోని బ్యాటరీది.

డెన్మార్కు దేశపు లెగో ఇటుకబొమ్మలదియు ఇదే మార్గము. 1966 నాటి రైలుబండి 4.5 వోల్టుల బ్యాటరీలతో నడిచెను. 2007లో ఆరంభమైన సాధనశ్రేణిలో పరారుణ కిరణములు ఆజ్ఞను మోసెను. బోసు తరంగములవలె అవి గోడను దాటజాలవు. 2018లో బ్లూటూత్ అను రేడియో పద్ధతి వచ్చినది.

ముంజికాయల బండి ఆగినచో కారణము బాలుని చేతికే తెలియును. ఇటుకబండి ఆగినచో లోపము బలముననో, ఆజ్ఞలోనో వెదకవలెను. ఆ వెదకుటయే శాస్త్రవిద్యకు తొలిపాఠము. పెద్దలు తొందరపడి బాగుచేయక, ఆ పని పిల్లలకే విడువవలెనని మా మనవి.