శాంతి ఎవరిని అడుగుతున్నారు?

శ్రమల దినాల్లో చర్చీల నిండా శాంతి ప్రసంగాలే. ఆ శాంతిని ఎవరి దగ్గర అడుగుతున్నారో చూడాలంటే 1963లో అమెరికా దక్షిణాదికి, అలబామాలోని బర్మింగ్‌హామ్‌కు వెళ్లాలి.

అక్కడి పెద్ద దుకాణాల్లో నల్లవాళ్ల డబ్బు చెల్లేది, తెల్లవాళ్ల పక్కన కూర్చుని తినే హక్కు మాత్రం లేదు. క్రిస్మస్ తర్వాత ఆ దుకాణాలకు పెద్ద బేరం ఈస్టర్‌దే. అందుకే మార్టిన్ లూథర్ కింగ్, స్థానిక పాస్టర్ ఫ్రెడ్ షటిల్స్‌వర్త్ ఆ రోజులనే ఎంచుకున్నారు. పండక్కి కొత్తబట్టలు కొనొద్దన్నారు. (మన పేటల్లో పండగ బట్టల విలువ తెలిసినవాళ్లకు ఇదెంత కఠినమైన ఉపవాసమో అర్థమవుతుంది.)

ఏప్రిల్ 12, గుడ్ ఫ్రైడే. ఊరేగింపులు కూడదన్న కోర్టు ఉత్తర్వును కాదని, ముతక పనిబట్టల్లో నడిచిన కింగ్‌ను అరెస్టు చేశారు. అదే రోజు ఎనిమిదిమంది తెల్ల మతపెద్దలు ప్రకటన ఇచ్చారు. ఏడుగురు క్రైస్తవులు, ఒకరు యూదు రబ్బీ. ఇది సమయం కాదు, వీధుల్లోకి రావద్దు, కోర్టుల్లో తేల్చుకోండి అన్నారు. పోలీసుల సంయమనాన్ని మెచ్చుకున్నారు కూడా! వీళ్లేమీ దుర్మార్గులు కాదు. కోర్టు తీర్పులను గౌరవించాలని జనవరిలో తెల్లవాళ్లకు చెప్పినవాళ్లే. కేసు పెట్టగానే రాజీ కోసం గూడేనికొచ్చే పెద్దమనుషుల గొంతు ఇందులో వినబడటంలేదూ?

జైల్లో కింగ్ పత్రిక అంచుల మీద జవాబు మొదలుపెట్టాడు. గొడవ కనబడకపోవడం వేరు, న్యాయం జరగడం వేరని అతని వాదన. ఆ ఎనిమిదిమందిలో ఒకడైన ఎర్ల్ స్టాలింగ్స్, ఈస్టర్ ఆదివారం తన చర్చిలోకి నల్లవాళ్లను రానిచ్చాడు. కింగ్ అదే ఉత్తరంలో అతన్ని పేరుపెట్టి మెచ్చుకున్నాడు.