సారా కొట్టు మూసిన మూడో రాత్రి
(మా వాడ చరిత్ర – 14)



సారా వ్యతిరేక ఉద్యమం పాఠం చెప్పినప్పుడల్లా పిల్లలు ఒకటే అడుగుతారు: "ఆడవాళ్లు ఎలా గెలిచారు సార్?" పోయిన వారం ఒక అమ్మాయి వేరేది అడిగింది. "కొట్లు మూశాక తాగేవాళ్లు ఏమయ్యారు సార్?"

నా పీహెచ్‌డీ అంతా తిరగేసినా దానికి జవాబు దొరకలేదు. జవాబు మా ఇంట్లో ఉంది.

మీకు తెలిసిన చరిత్రే ముందు చెప్తాను. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో రాత్రి బడులు నడిచాయి. "సీతమ్మ కథ", "ఆడవాళ్లు ఏకమైతే" పాఠాలు చదివిన కూలి ఆడవాళ్లు లేచారు. కలిగిరి మండలం దూబగుంట పేరు, వర్ధినేని రోశమ్మ పేరు దేశమంతా వినబడ్డాయి. ఆమె వెనక నడిచిన మన వాడల ఆడవాళ్ల పేర్లు ఎవరూ రాసుకోలేదు. 1992లో సారా వేలంపాటలు పదేపదే వాయిదా పడ్డాయి. 1993 ఏప్రిల్ 15న జిల్లాలో, అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా ఆగింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో ఎత్తేశారు.

మా ఊరి కొట్టు మూయించినప్పుడు నాకు నాలుగేళ్లు. కాబట్టి ఇది అమ్మ చెప్పిందే. కొట్టు మీదికి పోయిన ఆడవాళ్లలో అమ్మ ముందుంది. రెండో రోజుకి నాయన చేతులు వణకడం మొదలైంది. మూడో రాత్రి ఒళ్లంతా చెమటలు, గోడ మీద పాములు పాకుతున్నాయని కేకలు. గాలి సోకిందన్నారు. మంత్రగాణ్ని పిలిచారు. తెల్లారేలోగా పోతాడేమోనని అమ్మ భయపడింది. పొరుగూరికి నడిచిపోయి, ఏ ప్యాకెట్ల మీద చీపురు ఎత్తిందో ఆ ప్యాకెట్టే కొంగులో దాచి తెచ్చి తాగించింది. వణుకు తగ్గింది. "ఆ పొద్దు అందరికీ ద్రోహం చేశాను అబ్బయ్యా" అని ఇప్పటికీ అంటుంది.

నాయన మళ్లీ మానలేదు. నేను పది చదివేటప్పుడు లివర్ చెడి పోయాడు.

అమ్మ ద్రోహం చేయలేదు. ఏళ్ల తరబడి రోజూ తాగిన ఒంటికి సారా ఒక్కసారిగా ఆగితే వణుకు, మూర్ఛ, లేనివి కనబడటం వస్తాయి. వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. ఆసుపత్రిలో మాత్రలు మెల్లగా తగ్గిస్తూ, బి1 విటమిన్ ఇస్తూ ఆ రోజులు దాటిస్తారు. 'వారుణి వాహిని' అని పేరు పెట్టి ప్యాకెట్లు పల్లెపల్లెకూ చేర్చిన ప్రభుత్వం, ఈ మాట చెప్పే డాక్టర్ని మా వాడకి పంపలేదు.

తాగుడు మన కులగుణం అంటుంది ఊరు. మురుగుకాలవలోకి దిగిన మనిషి ఎందుకు తాగుతాడో అడగదు. వేలంపాట పాడి పెద్దమనుషులైంది ఎవరో కూడా అడగదు.

ఆ సిగ్గు నాకూ అంటింది. 2019లో తమ్ముణ్ని ఆసుపత్రికి తీసుకెళ్తూ కాలేజీలో కామెర్లని అబద్ధం చెప్పాను. ఓపీ చీటీ దగ్గర ఒకాయన "మీవాళ్లకి ఇది మామూలేగా" అన్నాడు. తిరిగొచ్చేద్దామనుకున్నాను. తమ్ముడే నా చెయ్యి పట్టుకుని, "నాయన లాగా పోలేనన్నా, కూర్చో" అన్నాడు. తర్వాత రెండుసార్లు మళ్లీ తాగాడు. రెండుసార్లూ మళ్లీ వెళ్లాం. తిరగబెట్టడం ఆ జబ్బులో ఉన్నదే. ఇప్పుడు తాగక మూడో ఏడు.

మీ ఇంట్లో అలాంటివాళ్లుంటే గదిలో పెట్టి తాళం వేయకండి. తెలియకుండా అన్నంలో మాన్పుడు మందు కలపకండి, దాని మీద తాగితే ప్రాణం మీదికొస్తుంది. ప్రభుత్వాసుపత్రి మానసిక వైద్య విభాగానికి తీసుకెళ్లండి. 14446కి ఫోన్ చేయండి, డబ్బులు పడవు. అది కేంద్ర సామాజిక న్యాయ శాఖది. మన స్కాలర్‌షిప్పులు చూసే శాఖే. రాజ్యాంగం 47వ అధికరణ మత్తుపానీయాల నిషేధంతో పాటు ప్రజారోగ్యాన్నీ రాజ్యం బాధ్యతల్లో చేర్చింది. మన అమ్మలు కొట్టు మూయమన్నారు. మనం ప్రతి మండలంలో వైద్యం తెరవమని అడగాలి.

నిన్న క్లాసులో ఇదంతా చెప్పాను. బెల్లు కొట్టాక ఆ అమ్మాయి వచ్చి నంబరు రాసుకుంది. ఎవరి కోసమని నేను అడగలేదు.

జై భీమ్.