గొలుసు వంతెన

చరిత్ర అంటే మనకు కోటలూ గుళ్ళూ గుర్తొస్తాయి. ఇది ఒక వంతెన కథ. 1820 చలికాలంలో తండ్రి అంత్యక్రియలకు బయలుదేరిన హంగేరీ ప్రభువు ఇష్త్వాన్ సేచేని, డాన్యూబ్ నదిలో మంచుగడ్డల వల్ల దాటలేక వారం రోజులు ఒడ్డునే ఆగిపోయాడు. బుడాకూ పెస్ట్‌కూ మధ్య శాశ్వతమైన వంతెన కావాలన్న పట్టుదల అతనికి అలా కలిగింది. నమూనా ఇంగ్లీషు ఇంజనీరు విలియం టియర్నీ క్లార్క్‌ది. దగ్గరుండి కట్టించినవాడు స్కాట్లాండు వాడైన ఆడం క్లార్క్. ఇంటిపేరు ఒకటే గానీ చుట్టాలు కారు. 1849లో ప్రారంభించారు. అన్నిటికన్నా నాకు నచ్చినది సుంకం సంగతి: అంతవరకు పన్నుల ఊసే ఎరుగని ప్రభువులు కూడా అక్కడ రైతులతో పాటు డబ్బు కట్టవలసి వచ్చింది. 1945 జనవరిలో వెనుదిరిగిన జర్మన్ సైన్యం దాన్ని పేల్చేసింది. స్తంభాలు మాత్రం నిలిచాయి. సరిగ్గా నూరేళ్ళకు, 1949 నవంబరు 20న, మళ్ళీ తెరిచారు. అన్నట్టు, వంతెన చివరి సింహాలకు శిల్పి నాలుకలు చెక్కడం మరిచాడని ఊళ్ళో చెప్పుకుంటారు. నాలుకలున్నాయి, కింద నిలబడ్డవారికి కనిపించవు, అంతే.