ఆడపడుచులు చెక్కించిన కాకతీయ వంశావళి

కాకతీయ వంశంలో ఆధారంతో చెప్పగలిగిన తొలి పేరు వెన్న. క్రీ.శ. 9వ శతాబ్ది తొలినాళ్లవాడని చరిత్రకారుల లెక్క. గణపతిదేవుడు మొదలుపెట్టి రుద్రమదేవి పూర్తిచేసిన ఓరుగల్లు రాతికోటకూ ఈ మూలపురుషుడికీ మధ్య 400 ఏళ్ల ఎడం ఉంది. అంత పాత పేరును నిలబెట్టింది రాజులు వేయించిన శాసనాలు కావు. నేటి మహబూబాబాద్ జిల్లా బయ్యారంలో చెరువు కట్టించి, ఆ సందర్భంలో గణపతిదేవుడి తోబుట్టువు మైలాంబ వేయించిన శాసనం.

మైలాంబ నతవాడి రుద్రుడి ఇల్లాలు. ఆమె సోదరి కుందమాంబను కూడా అదే ఇంటికి ఇచ్చారు. గుడి కట్టించినా చెరువు తవ్వించినా ముందు వంశం చెప్పుకొని, తరువాత చేసిన పుణ్యకార్యం చెప్పడం ఆనాటి ఆచారం. మైలాంబ ఆ ఆచారాన్ని పాటించి పుట్టింటి వంశాన్ని మొదటినుంచీ వరుసగా చెప్పించింది. దుర్జయ వంశంలో వెన్న పుట్టాడు, కాకతి అనే చోట ఉండి ఏలాడు, అందుకే అతని సంతతివారు కాకతీశులయ్యారు అని ఆ శాసనం చెబుతుంది. వెన్న తరువాత గుండ పేరుతో ముగ్గురు వస్తారు. వాళ్లను పరశురాముడు, దశరథరాముడు, బలరాముడు అనే ముగ్గురు రాములతో పోల్చారు. ఆ తరువాత ఎఱ్ఱ, పిండిగుండ, బేత, ప్రోల, మళ్లీ బేత, మళ్లీ ప్రోల, ఆపైన రుద్రుడు, మహాదేవుడు, గణపతి.

దీన్ని హనుమకొండ వేయిస్తంభాల గుడి శాసనం పక్కన పెడితే తేడా తెలుస్తుంది. రుద్రదేవుడు 1163లో వేయించిన ఆ శాసనాన్ని రచించినవాడు అచింతేంద్రుడనే కవి. కాకతీయులు పశ్చిమ చాళుక్యుల సామంతులుగా ఉండడం మాని స్వతంత్రులైన కాలానికి అదే గుర్తు. తండ్రి రెండో ప్రోలరాజు గెలిచిన యుద్ధాలు, బంధించి విడిచిపెట్టిన చాళుక్య తైలపుడు, రుద్రదేవుడు ఓడించిన శత్రువులు అందులో కనిపిస్తారు. వంశం మాత్రం తాత త్రిభువనమల్ల బేతరాజు దగ్గర మొదలై మూడు తరాలతో సరి. గెలుపు చాటుకోవడానికి రాజుకు మూడు తరాలు చాలాయి. మెట్టినింట ఉన్న ఆడపడుచుకు మాత్రం పుట్టింటి పేర్లు ఒక్కటీ పోకూడదనిపించినట్టుంది.

ఒక్క శాసనం చెప్పిందని చరిత్రకారులు వంశావళిని ఒప్పుకోరు. ఇంకోచోట, ఇంకొకరి మాటగా, అవే పేర్లు అదే వరుసలో దొరకాలి. వెన్న సంతతికి అలాంటి సాక్ష్యం 956 నాటి మాంగల్లు రాగిరేకుల్లో దొరికింది. వేంగి చాళుక్య రాజు దానార్ణవుడు కాకర్త్య గుండ్యన కోరిక మీద మాంగల్లు గ్రామాన్ని దొమ్మన అనే బ్రాహ్మణుడికి దానమిచ్చాడు. గుండ్యన మేలు కోరి దొమ్మన కర్పటి వ్రతం చేశాడు. దానం కోరినవాడి పుట్టుపూర్వోత్తరాలు కూడా రేకుల మీదికి ఎక్కాయి: గుండియ రాష్ట్రకూటుడు, అతని కొడుకు ఎఱియ రాష్ట్రకూటుడు, అతని కొడుకు బేతియ, బేతియకూ వంద్యనాంబకూ పుట్టిన కాకర్త్య గుండ్యన. బయ్యారం శాసనంలోని గుండ, ఎఱ్ఱ, పిండిగుండ ఈ రేకుల్లోని గుండియ, ఎఱియ, గుండ్యనలతో సరిపోయారు. రెండు ఆధారాల మధ్య రెండున్నర శతాబ్దాలకు పైగా దూరం ఉంది. ఒకటి వేంగి రాజు ఇచ్చిన దానపత్రం, మరొకటి కాకతీయుల ఆడపడుచు మాట. ఒకదాన్ని చూసి మరొకటి రాసే అవకాశం లేదు కాబట్టే ఈ పోలికకు అంత విలువ.

పేర్ల చివర ఉన్న ‘రాష్ట్రకూట’ పదం మీద చర్చ జరిగింది. అది పదవి పేరని కొందరు, వంశనామమని కొందరు అన్నారు. కాకతీయులు రాష్ట్రకూటులకు చెందిన కుదురు నుంచి వచ్చారన్నది పి.వి. పరబ్రహ్మశాస్త్రి వాదం. కాకతి ఊరి పేరా, దేవత పేరా అన్నదాని మీదా రెండు మాటలున్నాయి. మైలాంబ శాసనం చోటు పేరు చెబితే, ‘ప్రతాపరుద్రీయం’ వ్యాఖ్యాత కుమారస్వామి కాకతిని ఏకశిలానగర (ఓరుగల్లు) రాజుల కులదేవతగా చెప్పాడు. ఊరి దేవతను ఊరి పేరుతో పిలవడం తెలంగాణలో ఇప్పటికీ ఉన్నదే కాబట్టి ఈ రెండూ ఒకదానికొకటి అడ్డం కానక్కరలేదు.

వంశం కొరవి సీమ నుంచి హనుమకొండకు చేరిన ఘట్టానికి సాక్షి మరో కుటుంబం. రాష్ట్రకూట సామ్రాజ్యం 973లో కూలిపోయాక వాళ్ల అండతో ఎదిగిన కాకతి గుండన, అంటే మాంగల్లు రేకుల్లోని గుండ్యన, ముదిగొండ చాళుక్యులతో పోరులో చనిపోయాడు. వారసుడు బేతడికి నిలవనీడ లేకపోయింది. విరియాలవారు 1124లో వేయించిన గూడూరు శాసనం తరువాతి సంగతి చెబుతుంది. విరియాల ఎఱ్ఱన శత్రువును చంపి బేతడిని కొరవిలో నిలబెట్టాడు. ఎఱ్ఱన భార్య కామసాని చాళుక్య చక్రవర్తిని కలిసి మాట్లాడి హనుమకొండను బేతడికి ఇప్పించింది. కామసాని గుండనకు తోబుట్టువని కొందరు చరిత్రకారుల అభిప్రాయం. అదే నిజమైతే ఓరుగల్లు రాజ్యానికి పునాది పడింది ఒక మేనత్త చొరవతో. ఇంత పెద్ద మేలును కాకతీయ రాజుల ప్రశస్తులు చెప్పుకోలేదు. విరియాలవారు తమ ఇంటి గొప్పగా దాచుకున్నారు కాబట్టి మిగిలింది.

ఈ వంశాన్ని వెతికేవారికి పెద్ద చిక్కు పేర్లు. తాత పేరు మనవడికి పెట్టడం తెలుగు ఇళ్లలో పాత అలవాటు. అందువల్ల బేత, ప్రోల, బేత, ప్రోల అని అవే పేర్లు తిరిగి తిరిగి వస్తాయి. శాసనాల్లో ‘మొదటి’, ‘రెండవ’ అని ఉండదు, ఆ సంఖ్యలు చరిత్రకారులు వేసుకున్నవి. ఏ బేతడో తేల్చడానికి బిరుదు, తేదీ, పైనున్న చక్రవర్తి పేరు ఆసరా. త్రిభువనమల్ల బిరుదు ఉంటే రెండో బేతరాజు, ఎందుకంటే అది ఆరో విక్రమాదిత్య చక్రవర్తి బిరుదు. ఆడవారి పేర్లతోనూ ఇదే తిప్పలు. హనుమకొండ పద్మాక్షి గుట్ట మీద నాలుగు ముఖాలా జైన బొమ్మలు చెక్కిన నల్లరాతి స్తంభం ఉంది. దాని మీది 1117 శాసనంలో కడలాలయ బసదిని కట్టించిన మైలమ పేరు వస్తుంది. ఆమె రెండో ప్రోలరాజు మంత్రి అయిన బేతన భార్య. బయ్యారం మైలాంబ ఆమెకు 100 ఏళ్ల తరువాతి మనిషి. బేతన, మైలమ అన్న పేర్లు చూసి రాజకుటుంబంలో కలిపేస్తే వంశవృక్షం మొదలంటా తప్పుతుంది.

కావాలని వదిలేసిన పేర్లూ ఉంటాయి. రెండో బేతరాజుకు ప్రోలరాజు కన్నా ముందు దుర్గరాజనే కొడుకు ఉండి కొంతకాలం ఏలాడని కాజీపేట దర్గా దగ్గరి శాసనం వల్ల తెలిసింది. తరువాతి వంశావళుల్లో అతని ఊసు లేదు. తమ్ముడి సంతతి చేతికి గద్దె వచ్చాక అన్న పేరు జారిపోయింది.

వదిలేసిన పేర్లకు ఎదురుగా పైన అతికించిన పేర్లున్నాయి. రాజ్యం పెరిగిన కొద్దీ వంశం పైకి పాకింది. గణపతిదేవుడి మోటుపల్లి శాసనం కాకతీయులను మనువు, ఇక్ష్వాకువు, రాముల సూర్యవంశంలో నిలబెడుతుంది. అదే గణపతిదేవుడి సేనాని మల్యాల గుండన వేయించిన బూదపూరు, వడ్డమాను శాసనాలు మాత్రం నాలుగో వర్ణంగా చెబుతాయి. రాజును కొలిచే సేనాని ఆ మాటను తక్కువతనంగా అనుకొని ఉంటే రాతి మీద చెక్కించేవాడు కాదు. ఆనాటి తెలుగునాట ఏలడానికి క్షత్రియత్వం తప్పనిసరి కాదని ఈ ఒక్క సంగతి చాలు చెప్పడానికి. 16వ శతాబ్దికి వచ్చేసరికి కథ ఇంకోదారి పట్టింది. ‘ప్రతాపరుద్ర చరిత్ర’, ‘సిద్ధేశ్వర చరిత్ర’ గ్రంథాల్లో వంశకర్త మాధవవర్మ. పద్మాక్షి అమ్మవారి కృపతో అతనికి రాజ్యం దక్కింది. వెన్న పేరు ఆ కథల్లో లేదు.

గణపతిదేవుడికి కొడుకులు లేకపోవడంతో ఇక్కడి నుంచి వంశం కూతుళ్ల మీదుగా నడిచింది. చిన్నకూతురు గణపాంబను ధరణికోట ఏలిన కోట బేతరాజుకు ఇచ్చారు. ఆమె భర్త పేరిట బేతేశ్వరాలయం, తండ్రి పేరిట గణపేశ్వరాలయం కట్టించి, ఎనమదల శాసనంలో మేనత్త లాగే పుట్టింటి వంశాన్ని చెప్పించింది. రుద్రమదేవి 1262 ప్రాంతంలో గద్దెనెక్కింది. వెనిస్ యాత్రికుడు మార్కో పోలో ఈమెను చనిపోయిన రాజు భార్య అని రాశాడు. ఆమె గణపతి కూతురని శాసనాలు ఆ పొరపాటును సరిదిద్దాయి. నిడదవోలు చాళుక్య వీరభద్రుడు ఆమె భర్త. వారి కూతురు ముమ్మడమ్మ కొడుకే ప్రతాపరుద్రుడు. దౌహిత్రుణ్ణి దత్తత చేసుకొని వంశంలో నిలిపారు.

రుద్రమదేవి ఎప్పుడు చనిపోయిందో తెలిసింది కూడా ఒక సామాన్యుడి వల్లే. నల్లగొండ జిల్లా చందుపట్లలో పువ్వుల ముమ్మడి అనే బంటు రుద్రమదేవి, సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకానికి వెళ్లగా వారి పుణ్యం కోసం సోమనాథ దేవుడికి భూమి ఇచ్చి 1289 నవంబరులో శాసనం వేయించాడు. ఒక రాణి జీవితకాలానికి చివరి హద్దు ఆ బంటు ఇచ్చిన చెక్క భూమి వల్ల దొరికింది.

ఈ రాళ్లను చదివిన పని 19వ శతాబ్దిలో మొదలైంది. హనుమకొండ శాసనాన్ని జె.ఎఫ్. ఫ్లీట్ 1882లో అచ్చువేశాడు. హైదరాబాదులోని లక్ష్మణరాయ పరిశోధక మండలి 1935లో ‘తెలంగాణా శాసనములు’ వెలువరించింది. రాతిని కడిగి, తడికాగితం పరిచి, అక్షరాల గుంతల్లోకి దిగేలా కుంచెతో కొట్టి, పైన సిరా అద్దితే నల్లటి కాగితం మీద తెల్లటి అక్షరాలు తేలతాయి. ఆ నకళ్లను ముందేసుకొని శకసంవత్సరానికి 78 కలిపి, తిథివారాలు సరిచూసి, ఒక్కొక్క పేరునూ దాని చోట కూర్చోబెట్టారు. వరంగల్ జిల్లా శాసనాల సంపుటం నేలటూరి వెంకటరమణయ్య సంపాదకత్వంలో 1974లో, పరబ్రహ్మశాస్త్రి ఆంగ్లగ్రంథం 1978లో వచ్చాయి. వెన్న నుంచి ప్రతాపరుద్రుడి దాకా నేడు పాఠ్యపుస్తకాల్లో ఉన్న వరుసకు చాలావరకు ఆ గ్రంథమే ఆధారం.

1323లో ఓరుగల్లు ఢిల్లీ సైన్యాల వశమైంది. బందీగా వెళుతూ ప్రతాపరుద్రుడు నర్మదా తీరాన చనిపోయాడని ముసునూరి ప్రోలయ నాయకుడి విలస రాగిరేకులు చెబుతాయి. 1423లో రెడ్డి రాణి అనితల్లి వేయించిన కలువచేరు శాసనం ఆయన తన ఇష్టంతోనే దేవలోకానికి వెళ్లాడని అంటుంది. రెంటినీ కలిపి, చెర పాలు కాలేక ప్రాణం తీసుకున్నాడని చరిత్రకారులు ఊహించారు.

ఆ తరువాతి తరాల కథ బస్తర్‌లో ఉంది. ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు అడవుల్లోకి వెళ్లి రాజ్యం స్థాపించాడని అక్కడి సంప్రదాయం. దిక్పాలదేవుడు 1703లో దంతేవాడలో వేయించిన శాసనం దీనికి ఉన్న పాత లిఖిత ఆధారం. ఓరుగల్లు శాసనాల్లో అన్నమదేవుడి పేరు కనిపించదు, రెండు చోట్లనూ కలిపే తొలిమాట ఓరుగల్లు పడిన 380 ఏళ్లకు గానీ రాతికి ఎక్కలేదు. అయినా బస్తర్ రాజులు తమను కాకతీయులుగానే చెప్పుకున్నారు. 2022 జూలైలో తెలంగాణ ప్రభుత్వం కాకతీయ వైభవ సప్తాహానికి ఆ ఇంటి వారసుణ్ణి వరంగల్‌కు పిలిచి గౌరవించింది. అక్కడా వంశం చివరికి ఆడపిల్ల మీదుగానే సాగింది. 1936లో లండన్‌లో కన్నుమూసిన మహారాణి ప్రఫుల్ల కుమారీదేవి మయూర్‌భంజ్ రాజకుటుంబానికి చెందిన వరుణ్ణి పెళ్లాడింది. ఆమె తరువాతి వారి పేర్ల చివర భంజ్‌దేవ్ చేరింది ఆ పెళ్లి వల్లే.