సీలేరు నీళ్లు, కర్నూలు లెక్కలు: కరెంటు రేటు ఎవరు తేలుస్తారు?



మన గ్రూపులో కరెంటు బిల్లు ఫొటోలు పెట్టి "ఇంత ఎందుకొచ్చింది?" అని అడిగేవాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు. కింద కామెంట్లలో కొందరు లైన్‌మన్‌ని తిడతారు, కొందరు మంత్రిని తిడతారు. చట్టం ప్రకారం ఆ రేటు వాళ్లిద్దరిలో ఎవరూ రాయలేదు. కరెంటు అమ్మే డిస్కం కూడా తన ఇష్టానికి రాసుకోలేదు. ఆ రేటు రాసేది విద్యుత్ నియంత్రణ మండలి అనే ఒక సంస్థ. పోటీ పరీక్షలకు చదివేవాళ్లకి ఈఆర్‌సీ అంటే తెలుస్తుంది. అది ఎందుకు పుట్టింది, మన కొండలకీ దానికీ సంబంధం ఏంటి అన్నది పుస్తకాల్లో ఒకచోట దొరకదు. అందుకే ఈ పోస్టు. పెద్దదే, ఓపిగ్గా చదవండి.

ఈ ఆలోచన మొదట అమెరికాలో పుట్టింది. అక్కడి పట్నాల్లో కరెంటు కొత్తగా వచ్చిన రోజుల్లో ఒకే వీధిలో రెండు మూడు కంపెనీలు స్తంభాలు పాతేవి. పాతే అనుమతి మునిసిపాలిటీ చేతిలో ఉండేది, ఆ అనుమతుల చుట్టూ లంచాలు తిరిగేవి. 1898లో షికాగో కరెంటు కంపెనీ పెద్ద శామ్యూల్ ఇన్సల్ తన తోటి కంపెనీల వాళ్ల ముందు నిలబడి, మనల్ని రాష్ట్ర ప్రభుత్వాలు నియంత్రించడమే మనకు మంచిది అని వాదించాడు. వ్యాపారి తనంతట తాను కళ్లెం వేయమని ఎందుకు అడిగాడు? బదులుగా అతనికి ఒక ప్రాంతం మొత్తం దక్కుతుంది, పోటీ ఉండదు. ప్రభుత్వం ఖర్చులు లెక్కచూసి, వాటి మీద న్యాయమైన లాభం కలిపి రేటు కడుతుంది. 1907లో విస్కాన్సిన్, న్యూయార్క్ రాష్ట్రాలు ఇలాంటి కమిషన్లు పెట్టాయి, మిగతావి వాటి దారి పట్టాయి. కాబట్టి ఈ కమిషన్లు జనం పోరాడి తెచ్చుకున్నవి మాత్రమే కాదు, కంపెనీలు కోరుకున్నవి కూడా. ఈ సంగతి మనసులో పెట్టుకుంటే తర్వాతి కథ తేలిగ్గా అర్థమవుతుంది.

అక్కడే ఇంకో చిక్కు వచ్చింది. ఒక రాష్ట్రంలో పుట్టిన గ్యాసు పైపులో పక్క రాష్ట్రానికి పోతే రేటు ఎవరు కట్టాలి? రాష్ట్రాలు కట్టలేవని వాళ్ల సుప్రీంకోర్టు 1924లో గ్యాసు విషయంలో, 1927లో కరెంటు విషయంలో తేల్చింది. ఆ ఖాళీ పూడ్చడానికి కరెంటుకి 1935లో, గ్యాసుకి 1938లో కేంద్ర చట్టాలు వచ్చాయి. ఇదే తగాదా డెబ్భై ఎనభై ఏళ్ల తర్వాత మన దేశంలోనూ వచ్చింది, చివర్లో చెప్తాను.

మన దేశంలో 1910 విద్యుత్ చట్టం పట్నాల్లో కరెంటు అమ్మే కంపెనీలకి లైసెన్సులు ఇచ్చింది. స్వాతంత్ర్యం వచ్చాక 1948 చట్టం రాష్ట్రానికో విద్యుత్ బోర్డు పెట్టమంది. ప్రైవేటు లైసెన్సుదారులు ఎంత లాభం తీసుకోవచ్చో ఆ చట్టం ఆరో షెడ్యూల్‌లో రాశారు. (ఇది రాజ్యాంగంలోని ఆరో షెడ్యూల్ కాదు. పరీక్షలో కలిపేసి రాయకండి!) మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుత్ బోర్డు 1959 ఏప్రిల్ 1న మొదలైంది. కరెంటు పుట్టించేదీ, తీగల మీద మోసేదీ, ఇంటికి అమ్మేదీ, రేటు రాసేదీ అన్నీ ఆ బోర్డే. కాగితం మీద అది వేరే సంస్థ, కానీ రేటు పెంచాలంటే సచివాలయం వైపు చూడాల్సిందే. 1980ల నుంచి వ్యవసాయ మోటార్లకు మీటరు తీసేసి, హార్స్ పవర్‌కి ఏడాదికింత అనే పద్ధతి నడిచింది. ఎవరు ఎంత వాడారో బోర్డుకే సరిగ్గా తెలీదు. ఏటా కనీసం 3 శాతం మిగులు చూపించాలని చట్టం సవరించారు గానీ, ఆ మిగులు చాలావరకు ప్రభుత్వం ఇస్తానన్న సబ్సిడీ కాగితాల్లోనే ఉండేది.

ఇక మన కొండల సంగతి. బోర్డు పుట్టక ముందే మాచ్‌ఖండ్ పుట్టింది. మద్రాసు, ఒరిస్సా ప్రభుత్వాలు 1940ల్లో ఒప్పందం చేసుకుని, డుడుమ జలపాతం దగ్గర పవర్‌హౌస్, పైన జోలాపుట్ దగ్గర ఆనకట్ట కట్టాయి. 1955లో కరెంటు మొదలైంది. ఇప్పుడు దాని సామర్థ్యం 120 మెగావాట్లు. ఆ నదే కిందికి దిగాక సీలేరు అవుతుంది, తర్వాత శబరిలో కలుస్తుంది, శబరి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. దిగే దారి పొడవునా నీటిని మళ్లీ మళ్లీ వాడుకున్నారు: ఎగువ సీలేరు 240 మెగావాట్లు, డొంకరాయి 25, దిగువన పొల్లూరు దగ్గర 460. మోతుగూడెం, సీలేరు కాలనీలు అలా వెలిసినవే. నాలుగూ కలిపితే 845 మెగావాట్లు.

జోలాపుట్ నీటి కింద గదబ, పరజ ఊళ్లు పోయాయి, మడి చెక్కలు పోయాయి. ఇప్పటిలాంటి పునరావాస చట్టం అప్పుడు లేదు. సగానికి పైగా ఆదివాసులు ఉన్న నిర్వాసితుల్లో ఎంతమందికి భూమికి భూమి దక్కిందో అటు ఒడిశా వైపు, ఇటు ముంచింగిపుట్టు వైపు పెద్దవాళ్లని అడగండి. కరెంటు సంగతి కూడా అడగండి. టవర్ల కింద నుంచి సంతకి నడిచి వెళ్లిన గూడేలు దశాబ్దాల పాటు కిరోసిన్ బుడ్డి వెలుగులోనే ఉన్నాయి.

"పైన తీగ పోతుంటే మాకు ఒక్క దీపం ఇవ్వలేరా" అని మన ముసలోళ్లు అడిగేవాళ్లు. ఇంజనీరు చెప్పే జవాబు అబద్ధం కాదు. అది 132, 220 కిలోవోల్టుల లైను, దాని నుంచి నేరుగా ఇంటికి తీయలేరు. సబ్‌స్టేషన్ కావాలి, 33 కేవీ లైను కావాలి, 11 కేవీ లైను కావాలి, చివర ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. ఇరవై ఇళ్ల గూడెం కోసం అంత ఖర్చా అంటారు. సరిగ్గా ఇక్కడే "ఖర్చు" అన్న మాట అసలు రంగు బయటపడుతుంది. నియంత్రణ అంటేనే ఖర్చుని లెక్కపెట్టడం. పుస్తకంలో ఎక్కిన ఖర్చే ఖర్చు. ఆనకట్ట సిమెంటు ఖర్చు ఎక్కింది, దాని అప్పు తీరిపోయింది, ఏటా తరుగుదల రాసి రాసి విలువ తగ్గిపోయింది. నీళ్లకి బొగ్గులాగా ధర లేదు. అందుకే పాత జల విద్యుత్తు యూనిట్ ధరలో అన్నిటికంటే చవక. ఆ చవక కరెంటు, ఖరీదైన థర్మల్ కరెంటు కలిపి సగటు తీస్తారు. విశాఖలోనో విజయవాడలోనో బిల్లు ఆ మేరకు తగ్గుతుంది. మునిగిన మడి చెక్క మాత్రం ఏ పుస్తకంలోనూ ఎక్కలేదు కాబట్టి దానికి తరుగుదలా లేదు, లాభమూ లేదు. గూడేనికి వేసే లైను ఖర్చు మాత్రం పూర్తిగా ఎక్కుతుంది. లెక్కలు దొంగవని నేను అనట్లేదు. లెక్క ఎక్కడ మొదలుపెట్టారో చూడమంటున్నాను.

బోర్డులు అప్పుల్లో మునిగాక 1990ల్లో సంస్కరణలు వచ్చాయి. దేశంలో మొదటి రాష్ట్ర కమిషన్ ఎక్కడ పెట్టారో తెలుసా? మాచ్‌ఖండ్ అవతలి ఒడ్డునే. ఒరిస్సా 1995లో చట్టం చేసి 1996లో కమిషన్ పెట్టింది. మన దగ్గర 1995లో హితేన్ భయ్యా కమిటీ నివేదిక ఇచ్చింది, 1998లో ఆంధ్రప్రదేశ్ విద్యుత్ సంస్కరణల చట్టం వచ్చింది. 1999 ఫిబ్రవరి 1న బోర్డు జెన్‌కో, ట్రాన్స్‌కోగా చీలింది. అదే నెలలో ప్రపంచ బ్యాంకు మొదటి విడతగా 21 కోట్ల డాలర్ల అప్పు మంజూరు చేసింది. ఆ మార్చి ఆఖరుకి నియంత్రణ మండలి ఏర్పడింది. 2000 ఏప్రిల్‌లో నాలుగు డిస్కంలు వచ్చాయి.

మండలి మొదటి రేట్ల ఉత్తర్వు 2000 మే నెలలో వచ్చింది. చార్జీలు బాగా పెరిగాయి. రాష్ట్రమంతా నెలల తరబడి ధర్నాలు, నిరాహార దీక్షలు నడిచాయి. ఆగస్టు 28న చలో అసెంబ్లీకి వచ్చిన జనం మీద హైదరాబాద్ బషీర్‌బాగ్ దగ్గర పోలీసులు కాల్పులు జరిపారు. రామకృష్ణ, విష్ణువర్ధన్ రెడ్డి, బాలస్వామి ప్రాణాలు పోయాయి. రేటు పెంచింది మండలే కదా, మేం కాదు కదా అని ప్రభుత్వం చెప్పుకోవడానికి వీలు దొరికింది గానీ, జనం దాన్ని నమ్మలేదు. నా లెక్కలో జనమే కరెక్టు. మండలి సభ్యులను నియమించేది రాష్ట్ర ప్రభుత్వమే, సబ్సిడీ ఎంతో చెప్పేదీ ప్రభుత్వమే. 2004లో కొత్త ప్రభుత్వం మొదటి రోజే ఉచిత వ్యవసాయ విద్యుత్ ఫైలు మీద సంతకం పెట్టిందంటే దానికి బాట బషీర్‌బాగ్‌లోనే పడింది.

అయినా ఆ చట్టాల్లో మనకి పనికొచ్చేవి కొన్ని దాగి ఉన్నాయి. 2003 కేంద్ర విద్యుత్ చట్టంలో 64వ సెక్షన్ ప్రకారం డిస్కం తన రేట్ల దరఖాస్తుని బయటపెట్టాలి, జనం అభ్యంతరాలు విని మండలి 120 రోజుల్లో తేల్చాలి. 65వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వం ఎవరికైనా రేటు తగ్గించాలనుకుంటే ఆ డబ్బు డిస్కంకి ముందే కట్టాలి. మన ఎస్టీ ఇళ్లకి ఇచ్చే ఉచిత యూనిట్లు ఈ దారిలోనే వస్తాయి. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో, సబ్‌ప్లాన్ చట్టం వచ్చిన ఏడాదే, 50 యూనిట్లతో మొదలయ్యాయి. తర్వాత 100 అయ్యాయి, ఆంధ్రలో 2019లో 200 అయ్యాయి. కాబట్టి ఎవరైనా కరెంటోళ్లు "మేం మీకు ఊరికే ఇస్తున్నాం" అంటే, ఊరికే కాదన్నా, సర్కారు మీకు డబ్బు కడుతుంది అని చెప్పండి.

43వ సెక్షన్ ఇంకా ముఖ్యం. దరఖాస్తు పెట్టిన నెలలో కనెక్షన్ ఇవ్వాలి, ఇవ్వకపోతే రోజుకి వెయ్యి రూపాయల దాకా జరిమానా. వినడానికి బాగుంది కదా. కానీ దాని కింద చిన్న మినహాయింపు ఉంది: అసలు కరెంటే లేని గ్రామం, ఆవాసం అయితే మండలి ఆ గడువుని అవసరమైనంత పెంచొచ్చు. ఈ సెక్షన్‌లో మన గూడెం కనబడేది ఆ వాక్యంలో, అదీ ఆలస్యానికి అనుమతిగా. ఇంకోటి, 2004 నుంచి ఊళ్లో 10 శాతం ఇళ్లకి కరెంటు ఉంటే చాలు "విద్యుదీకరణ జరిగిన గ్రామం" అని రాసుకునే నిర్వచనం వచ్చింది. పంచాయతీ రోడ్డు పక్కన పదిళ్లకి దీపం వెలిగితే, కొండ మీది గూడేలన్నీ లెక్కలో వెలిగినట్టే.

గ్యాసు కథ వేరు. కరెంటు రాజ్యాంగంలో ఉమ్మడి జాబితాలో ఉంది, అందుకే రాష్ట్రానికో మండలి. గ్యాసు మీద గుజరాత్ 2001లో సొంత చట్టం చేసుకుంటే, 2004లో సుప్రీంకోర్టు సహజ వాయువు కేంద్ర జాబితాలోనిది, రాష్ట్రాలకు ఆ అధికారం లేదని అభిప్రాయం చెప్పింది. 2006లో చట్టం వచ్చి, 2007లో ఢిల్లీలో పెట్రోలియం, సహజ వాయువు నియంత్రణ బోర్డు ఏర్పడింది. అందుకే గోదావరి బేసిన్‌లో గ్యాసు మన గడప ముందు పుట్టినా, అది ఎవరికి ముందు ఇవ్వాలో, ఏ ధరకో మన రాష్ట్రం చెప్పలేదు. 2009లో కేజీ డీ6 గ్యాసు వస్తుందని నమ్మి గోదావరి, కృష్ణా జిల్లాల్లో పవర్ ప్లాంట్లు పెట్టారు. రెండేళ్లు తిరక్కుండానే ఉత్పత్తి పడిపోయింది, 2013 నాటికి ఆ గ్యాసు కరెంటు ప్లాంట్లకి ఆగిపోయింది. ఆ లోటు పూడ్చడానికి బయట కొన్న కరెంటు ఖరీదు మాత్రం రాష్ట్ర మండలి ముందుకొచ్చి, బిల్లుల్లోకి ఎక్కింది. 2014 జూన్‌లో నగరం గ్రామంలో గ్యాసు పైపు పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. పైపు మన ఊళ్లో, నియంత్రణ ఢిల్లీలో.

అదే 2014లో రాష్ట్రం విడిపోయింది. పోలవరం ముంపు పేరుతో చింతూరు, కూనవరం, వీఆర్ పురం లాంటి ఖమ్మం జిల్లా మండలాలు ఆంధ్రలోకి వచ్చాయి. చింతూరు మండలంతో పాటు దిగువ సీలేరు 460 మెగావాట్లూ ఆంధ్రకి వచ్చాయి. తెలంగాణ నాయకులు ఆ మెగావాట్లు పోయాయని ఇప్పటికీ మాట్లాడతారు. అక్కడి కోయ, కొండరెడ్డి ఊళ్ల గురించి ఆ గొంతుతో మాట్లాడిన నాయకుణ్ణి నేను వినలేదు. వాళ్ల కరెంటు వరంగల్ డిస్కం నుంచి విశాఖ డిస్కంకి మారింది, వాళ్ల రేటు రాసే మండలి ఇప్పుడు కర్నూలులో ఉంది. పొల్లూరు నుంచి కర్నూలు వెళ్లాలంటే రాష్ట్రం ఈ చివర నుంచి ఆ చివరికి.

డిస్కంలు వచ్చే ఏడాది లెక్కల్ని మామూలుగా నవంబరు 30 నాటికి మండలికి ఇస్తాయి. తర్వాత పేపర్లో ప్రకటన, అభ్యంతరాలకు గడువు, బహిరంగ విచారణ, మార్చి ఆఖరుకి ఉత్తర్వు. అభ్యంతరం ఎవరైనా రాయొచ్చు, తెలుగులో రాయొచ్చు, వకీలు అక్కర్లేదు. మొన్నటి దాకా అక్కడ మాట్లాడింది పరిశ్రమల సంఘాలు, రైతు సంఘాలు, వామపక్షాల వాళ్లు. సీలేరు యూనిట్ ధరనీ, సీలేరు చుట్టూ కరెంటు సరిగ్గా లేని గూడేల పేర్లనీ ఒకే కాగితం మీద రాసి ఇచ్చే పని మన వాళ్లు చేయొచ్చు. ముంచింగిపుట్టు, జీకే వీధి, చింతూరు వైపు సభ్యులు గూడెం పేరు, ఇళ్లెన్ని, ట్రాన్స్‌ఫార్మర్ ఎప్పుడు కాలింది, ఎన్ని రోజులకి మార్చారు, ఇవి కామెంట్లో పెట్టండి. దసరా సెలవుల్లోగా జాబితా తయారైతే నవంబరు ప్రకటనకి ముందే మన దరఖాస్తు సిద్ధంగా ఉంటుంది.